గుండెకు రాసిన బీటా బ్లాకర్ మాత్రను ఇంట్లో ఎలా వాడుకోవాలి

మీ మందుల చీటీలో మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్, అటెనొలాల్, ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వంటి, చివర "లాల్" అని వచ్చే పేరు ఉంటే అది బీటా బ్లాకర్ కుటుంబానికి చెందిన మందు. మాత్రల షీటు మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లోనూ, మందు అసలు పేరు దాని కింద చిన్న అక్షరాల్లోనూ ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని ఆ చిన్న అక్షరాలనే చదవండి, లేదా ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. ఈ మందును సరిగా వాడుకోవడం కష్టమేమీ కాదు గానీ దీని తీరు వేరు. జ్వరం మాత్రలాగా వేసుకున్న గంటకే మేలు తెలియదు, మానేసిన రోజే కీడూ తెలియదు. చాలామంది పొరపాటు పడేది సరిగ్గా అక్కడే. కింద రాసినదంతా డాక్టరు ఇప్పటికే ఈ మందు రాసిన వారి కోసం. డోసు నిర్ణయించడం, మార్చడం ఆయన పని. రోజూ సక్రమంగా వేసుకోవడం, ఒంట్లో కలిగే మార్పులను గమనించి చెప్పడం మీ పని.

మొదటి మెట్టు: ఎందుకు రాశారో అడిగి తెలుసుకోండి

కోపం వచ్చినా, భయం వేసినా, గబగబా మెట్లు ఎక్కినా ఒంట్లో అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలై, గుండె కణాల మీద ఉండే బీటా గ్రాహకాలను పట్టుకుంటాయి. దాంతో గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. కిటికీలోంచి తువ్వాలు వేసి బస్సులో సీటు ఆపుకున్నట్టు, బీటా బ్లాకర్ ముందే వెళ్లి ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. అడ్రినలిన్ వచ్చినా కూర్చోవడానికి చోటు దొరకదు. అప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, దాని శ్రమ తగ్గుతుంది, దానికి కావలసిన ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ ఆలోచన ఇదే. గుండెకు రక్తం సరిపోక నొప్పి వచ్చేవారికి రక్త సరఫరా పెంచే మార్గాలను మిగతావారు వెతుకుతుంటే, ఆయన గుండె అవసరాన్నే తగ్గిస్తే పోతుంది కదా అనుకున్నారు. 1960ల్లో ఆయన రూపొందించిన ప్రొప్రనొలాల్ ఈ కుటుంబంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన మొదటి మందు. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ప్రధాన కారణాల్లో అదొకటి.

ఒకే మందును వేర్వేరు రోగులకు వేర్వేరు లక్ష్యాలతో రాస్తారు కాబట్టి "నాకు దేనికోసం రాశారు, నా నాడి ఎంత ఉండాలి" అనే రెండు ప్రశ్నలు తప్పక అడగండి. నడిస్తే ఛాతీ పట్టేసే యాంజైనా ఉన్నవారికి నొప్పి రాకుండా చూడటం లక్ష్యం. గుండె లయ తప్పి ఎలా పడితే అలా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి, చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటం సన్నబడి ఆ స్థితికి వచ్చినవారికి కూడా, వేగాన్ని అదుపులో ఉంచడం లక్ష్యం. లయ సరికాకపోయినా వేగం తగ్గితే ఆయాసం తగ్గుతుంది. కేవలం బీపీ మాత్రమే ఉండి గుండె జబ్బేమీ లేనివారికి ఈ రోజుల్లో మొదటి మందుగా దీన్ని అంతగా రాయడం లేదు, ఎందుకంటే పక్షవాతాన్ని నివారించడంలో మిగతా బీపీ మందుల కంటే ఇది వెనకబడింది. మీకు బీపీ ఒక్కటే ఉండి ఏళ్ల తరబడి అటెనొలాల్ ఒక్కటే వాడుతుంటే, ఈసారి వెళ్లినప్పుడు ఆ విషయం డాక్టరుతో మాట్లాడటం మంచిది. అంతవరకు మాత్ర మాత్రం ఆపకండి.

గుండె వైఫల్యం, అంటే ఒంటికి సరిపడా రక్తాన్ని గుండె పంపలేని స్థితి, దాని సంగతి వేరు. ఎకో పరీక్ష తర్వాత "పంపింగ్ 30 శాతమే ఉంది" అని, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో 30 శాతాన్నే బయటికి పంపుతోందని చెప్పించుకున్నవారికి, అసలే బలహీనంగా ఉన్న గుండెను ఇంకా నెమ్మదింపజేసే మందు ఎందుకు ఇస్తున్నారన్న అనుమానం రావడం సహజం. ఒకప్పుడు డాక్టర్లకూ అదే అనుమానం ఉండేది; వైద్య పుస్తకాలు అలాంటి రోగులకు ఈ మందు ఇవ్వకూడదనే చెప్పేవి. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టైన్, ఆయన సహచరులు గుండె కండరం దెబ్బతిన్న ఏడుగురికి ఈ మందు ఇచ్చి, వారి పరిస్థితి మెరుగుపడిందని రాసినప్పుడు నమ్మినవారు తక్కువ. గుండె బలహీనపడినప్పుడు శరీరం దాన్ని అడ్రినలిన్‌తో అదే పనిగా అదిలిస్తూ ఉంటుందనీ, అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టు ఆ అదిలింపే గుండె కండరాన్ని ఇంకా పాడు చేస్తుందనీ అర్థం కావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1999లో బిసోప్రొలాల్ మీద, మెటోప్రొలాల్ సక్సినేట్ (మెల్లగా విడుదలయ్యే రకం) మీద వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు రెండింటిలోనూ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆ తర్వాత కార్వెడిలాల్ కూడా అదే మేలు చూపింది. కాబట్టి పంపింగ్ తగ్గినవారికి "లాల్" అని ఉన్నది ఏదో ఒకటి వాడితే సరిపోదు. ప్రధానంగా ఈ మూడే వాడతారు. షాపులో ఒకటి లేదని అదే కుటుంబానికి చెందిన మరొకటి ఇస్తే తీసుకోకండి.

రెండో మెట్టు: మొదటి మాత్రకు ముందు ఇవి చెప్పండి

మీకు ఉబ్బసం ఉంటే, చిన్నప్పుడు ఉండి తగ్గిపోయినా సరే, ముందే చెప్పండి. బీటా గ్రాహకాల్లో ఒక రకం ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ ఉంటుంది. ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వంటివి వాటినీ మూసేస్తాయి కాబట్టి గొట్టాలు బిగుసుకుని పిల్లికూతలు రావచ్చు. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్ ఎక్కువగా గుండె మీదే పనిచేస్తాయి. అయితే ఆ తేడా చిన్న డోసుల్లో ఉన్నంతగా పెద్ద డోసుల్లో ఉండదు.

చాలామంది చెప్పడం మరచిపోయేది కంటి చుక్కల సంగతి. నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, ఉన్న పెద్దవారు వేసుకునే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే. కంట్లో వేసిన మందు ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. అప్పుడు మాత్ర, చుక్కలు కలిసి నాడిని మరీ తగ్గించవచ్చు. కళ్ల డాక్టరు చీటీ గుండె డాక్టరుకూ, గుండె డాక్టరు చీటీ కళ్ల డాక్టరుకూ చూపించండి.

వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే మందులు కూడా గుండె వేగాన్ని తగ్గించేవే. బీటా బ్లాకర్‌తో కలిస్తే గుండెలో విద్యుత్ ప్రసారం ఆగిపోయేంత ప్రమాదం ఉండవచ్చు. క్లోనిడిన్, డిగాక్సిన్, దిగులు తగ్గడానికి వాడే ఫ్లువోక్సెటిన్, పరోక్సెటిన్ వాడుతున్నా చెప్పండి. కిడ్నీ జబ్బు ఉంటే అటెనొలాల్ ఒంట్లో పేరుకుపోతుంది. గర్భం ఉన్నా, రావాలని చూస్తున్నా చెప్పాలి.

ఇక పేర్ల తికమక. మన ఇళ్లలో షుగరూ బీపీ రెండూ ఉన్నవారే ఎక్కువ. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గుండెకు వాడే మెటోప్రొలాల్ రెండూ "మెట్" అనే మొదలవుతాయి, రెండింటిలోనూ మెల్లగా విడుదలయ్యే రకాలున్నాయి, కంపెనీ పేర్లూ ఆ అక్షరాల చుట్టే తిరుగుతాయి. ఒకటి అయిపోయిందని రెండోదాన్ని రెండుసార్లు మింగడం ఊహించలేని విషయమేమీ కాదు. రెండిటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టి, ఒకదాని మీద "గుండె" అనీ మరొకదాని మీద "షుగర్" అనీ తెలుగులో పెద్దగా రాసి అతికించండి. కొన్ని మాత్రల్లో మెటోప్రొలాల్‌తో పాటు ఆమ్లోడిపిన్ లేదా టెల్మిసార్టాన్ కలిపి ఉంటుంది. కొత్త డాక్టరు కలిపిన మాత్ర రాస్తే, పాత విడి మాత్ర కొనసాగించాలా ఆపాలా అని అక్కడికక్కడే అడగాలి. లేకపోతే ఒకే మందు రెండు పేర్లతో లోపలికి పోతుంది.

మూడో మెట్టు: వేసుకునే పద్ధతి

రోజూ ఒకే వేళకు వేసుకోండి. కార్వెడిలాల్‌ను తప్పనిసరిగా ఆహారంతోనే తీసుకోవాలి. అది రక్తనాళాలను కూడా వదులు చేస్తుంది కాబట్టి ఖాళీ కడుపుతో వేగంగా రక్తంలోకి వెళ్తే నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మెటోప్రొలాల్‌ను భోజనంతోనో, అది ముగియగానేనో వేసుకోవడం మంచిది. బిసోప్రొలాల్, నెబివొలాల్‌కు ఆ పట్టింపు లేదు.

మెటోప్రొలాల్‌లో రెండు రకాలున్నాయి. టార్ట్రేట్ అని ఉన్నది సాధారణంగా రోజుకు రెండుసార్లు, సక్సినేట్ అని ఉన్నది రోజంతా మెల్లగా విడుదలయ్యేది కాబట్టి ఒకసారి. మిల్లీగ్రాముల సంఖ్య ఒకటే కదా అని ఒకదాని బదులు మరొకటి కొనకండి. మెల్లగా విడుదలయ్యే మాత్రను నమలకూడదు, పొడి చేసి పాలల్లో కలపకూడదు. అలా చేస్తే రోజంతటికీ సరిపడే మందు ఒక్కసారిగా విడుదలవుతుంది. మధ్యలో గీత ఉన్న మాత్రను సగానికి విరవమని డాక్టరు చెబితేనే, ఆ గీత దగ్గరే విరవండి.

ఒక పూట మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడి ఉంటే తప్పిపోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మాత్రం వేసుకోవద్దు.

ఒక్కపొద్దు ఉండేవారు, దీక్షలో ఒక పూట భోజనం చేసేవారు, రంజాన్ ఉపవాసం పాటించేవారు వేళలు మార్చుకోవలసి వస్తుంది. వారం ముందే డాక్టరును అడిగితే ఆయన మాత్రను తినే వేళకు సర్దగలరు. అడగకుండా ఆ రోజులకు మాత్ర మానేయడం సరికాదు.

నాలుగో మెట్టు: నాడి లెక్కపెట్టండి, రాసిపెట్టుకోండి

ఈ మందు వాడేవారికి ఇంట్లో ఉండవలసిన పరికరాల్లో అన్నిటికన్నా చవకైనది సెకన్ల ముల్లు ఉన్న గడియారం. ఉదయం మాత్రకు ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. అప్పుడే కాఫీ తాగి ఉండకూడదు, మెట్లు ఎక్కి ఉండకూడదు. అరచేయి పైకి పెట్టి, బొటనవేలి కింద మణికట్టు దగ్గర, మరో చేతి చూపుడువేలు, మధ్యవేలు తేలికగా ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. లయ తప్పిన గుండె ఉన్నవారికి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం పనికిరాదు. వారి విషయంలో బీపీ మిషను చూపే నాడి అంకె కూడా ఒకసారికీ మరోసారికీ మారుతుంది కనుక రెండు మూడుసార్లు చూడాలి.

చిన్న నోటుపుస్తకంలో తేదీ, నాడి, బీపీ రాయండి. గుండె వైఫల్యం ఉన్నవారు ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, టిఫిన్‌కు ముందు చూసిన బరువు కూడా రాయాలి. డాక్టరు మీకు ప్రత్యేకంగా వేరే హద్దు చెప్పి ఉంటే దాన్నే పాటించండి. చెప్పకపోతే, నాడి 50 కంటే తగ్గినప్పుడు తర్వాతి మాత్ర వేసుకునే ముందు ఫోన్ చేసి అడగండి. పై బీపీ 100 కంటే తగ్గి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా అడగండి. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్ల వాపు ఎక్కువైనా, వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెంచుకోవలసి వచ్చినా ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, అదే రోజు చెప్పాలి. స్పృహ తప్పినా, తగ్గని ఛాతీ నొప్పి వచ్చినా ఫోన్ చేయవలసింది క్లినిక్‌కు కాదు, 108కి.

ఐదో మెట్టు: మొదటి రెండు నెలలు ఓపిక పట్టండి

గుండె వైఫల్యంలో ఈ మందును చాలా చిన్న డోసుతో మొదలుపెడతారు: బిసోప్రొలాల్ 1.25 మిల్లీగ్రాములు, కార్వెడిలాల్ 3.125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25. కాళ్ల వాపు, ఆయాసం కాస్త అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టి, ప్రతిసారీ కనీసం రెండు వారాలు ఆగి రెట్టింపు చేస్తూ, ఒంటికి పడినంత మేరకు పెంచుతారు. బిసోప్రొలాల్‌కు లక్ష్యం 10, మెటోప్రొలాల్ సక్సినేట్‌కు 200 మిల్లీగ్రాములు. అందరూ అక్కడిదాకా చేరలేరు, చేరలేకపోయినా మేలు ఉంటుంది. "డాక్టరు ప్రతిసారీ మందు పెంచుతున్నారంటే నా జబ్బు ముదిరినట్టే" అని బెంగపడేవారికి చెప్పవలసింది ఇదే: ఈ మందు విషయంలో డోసు పెరగడం చికిత్సలో అనుకున్న మార్గమే.

డోసు పెంచిన మొదటి కొన్ని రోజులు నీరసం, కొద్దిగా ఆయాసం ఎక్కువ కావచ్చు. ఎక్కువమందికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి. కొందరికి నిద్రలో స్పష్టమైన, భయపెట్టే కలలు వస్తాయి. మెదడులోకి సులువుగా చేరే ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్‌తో ఇది కొంత ఎక్కువ. మగవారిలో లైంగిక సామర్థ్యం తగ్గినట్టు అనిపించవచ్చు. సిగ్గుపడి ఈ మాట చెప్పకుండా మాత్రే మానేసేవారున్నారు. చెబితే డాక్టరు మందు మార్చే అవకాశం ఉంటుంది, అందుకని చెప్పండి.

మాత్ర వేసుకున్న తర్వాత మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి. ముందు కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, ఒక నిమిషం ఆగి లేవండి. రాత్రి మూత్రానికి లేచే పెద్దవారికి ఇది మరీ ముఖ్యం.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి షుగరు పడిపోయినప్పుడు గుండె దడ, చేతుల వణుకు ముందుగా హెచ్చరిస్తాయి. ఆ రెండూ అడ్రినలిన్ పంపే కబుర్లే కాబట్టి బీటా బ్లాకర్ వాటిని అణచివేయవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అందుకని కారణం లేకుండా చల్లగా చెమటలు పట్టినా, తికమకగా అనిపించినా, ఆకలి దహించినా దడ లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే షుగరు చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. ఈ సంగతి మీకే కాదు, మీతో ఉండేవారికీ తెలిసి ఉండాలి.

నడక, యాత్రలు, ఇతర చికిత్సలు

నడక మానవద్దు. అయితే వయసును 220 నుంచి తీసివేసి గుండె వేగం ఇంతకు చేరాలని చెప్పే లెక్క మీకు వర్తించదు, ఎందుకంటే ఈ మందు గుండెను అంత వేగంగా పోనివ్వదు. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం చాలు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కాలన్న మొక్కు ఉంటే, దాన్ని బస్సులో వెళ్లి తీర్చుకోవచ్చా అని స్వామిని కాదు, ముందు ఎక్కవచ్చా అని డాక్టరును అడగండి.

పన్ను పీకించుకునేటప్పుడు, ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టరుకు ఈ మందు సంగతి చెప్పండి. ఆపరేషన్ అనగానే దాన్ని ఆపేయనక్కర్లేదు, మామూలుగా కొనసాగిస్తారు. ట్రెడ్‌మిల్ పరీక్షకు ముందు కొన్నిసార్లు ఆపమంటారు, వారు చెబితేనే ఆపండి. జలుబుకు షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో ఫెనైలెఫ్రిన్ వంటివి బీపీని పెంచవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బీపీ అదుపును దెబ్బతీసి, గుండె వైఫల్యంలో ఒంట్లో నీరు నిలిపేస్తాయి.

చివరి మెట్టు: ఆపవలసి వస్తే

చాలా కాలంగా గ్రాహకాలు మూసి ఉంటే శరీరం వాటి సంఖ్యనూ, చురుకుదనాన్నీ పెంచుకుంటుంది. అప్పుడు మాత్రను హఠాత్తుగా మానేస్తే అడ్రినలిన్ ఒక్కసారిగా వాటన్నిటి మీదా పడి, గుండె పరుగెత్తి, ఛాతీ నొప్పి, కొందరికి గుండెపోటు కూడా రావచ్చు. రక్తనాళాల్లో పూడికలు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే ఆపాలనుకున్నా డాక్టర్లు ఒకటి రెండు వారాల్లో మెట్టు మెట్టుగా తగ్గిస్తారు, ఆ రోజుల్లో బరువు పనులు చేయవద్దంటారు.

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవారు "జీవితాంతం వాడాలా" అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు సమాధానం మారుతోంది. స్టెంట్లు లేని కాలంలో, 1981లో ముగిసిన అమెరికా అధ్యయనంలో గుండెపోటు తర్వాత ప్రొప్రనొలాల్ వాడినవారిలో మరణాలు 7.2 శాతం, వాడనివారిలో 9.8 శాతం. 2024లో వెలువడిన స్వీడన్ నేతృత్వంలోని అధ్యయనంలో, 50 శాతం లేదా అంతకు మించి పంపింగ్ ఉన్న దాదాపు ఐదు వేల మందిలో మందు వాడినవారికీ వాడనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో, స్థిరంగా ఉన్నవారి చేత మందు ఆపించి చూస్తే, కొనసాగించినవారి కంటే ఆపినవారు గుండె సమస్యలతో ఎక్కువగా ఆసుపత్రిలో చేరారు. నా దృష్టిలో ఈ రెండింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే: పంపింగ్ బాగున్నవారు ఎకో రిపోర్టు పట్టుకుని వెళ్లి ఈ ప్రశ్న అడగడం న్యాయమే, కానీ ఇంట్లో కూర్చుని సొంతంగా నిర్ణయించడం కాదు. పంపింగ్ తగ్గినవారికి మాత్రం ఈ చర్చ వర్తించదు.

ఊరికి వెళ్లేటప్పుడు వెళ్లే రోజుల కంటే వారం ఎక్కువకు మాత్రలు పెట్టుకోండి, విమానమైతే చేతిసంచిలోనే ఉంచండి. షీటులో ఐదు మాత్రలు మిగిలినప్పుడే కొత్తది కొనండి. అయినా ఏదో కారణంతో కొన్ని రోజులు మాత్ర తప్పిపోయి ఉంటే, గాభరాపడి పాత డోసు ఒక్కసారిగా మొదలుపెట్టకండి. ముఖ్యంగా గుండె వైఫల్యం ఉండి రెండు వారాలకు పైగా ఆగిపోతే, మళ్లీ కింది డోసు నుంచే మొదలుపెట్టి పెంచవలసి రావచ్చు. ఎన్ని రోజులు ఆగిందో, ఇప్పుడు నాడి, బీపీ ఎంత ఉన్నాయో నోటుపుస్తకంలో రాసుకుని, డాక్టరుకు ఫోన్ చేసి ఆ మూడు అంకెలూ చెప్పండి. ఎంత డోసుతో మొదలుపెట్టాలో ఆయన చెబుతారు.